మంచు దేశంలో మట్టి కుండీ

విదేశాల్లో స్థిరపడిన మన కుటుంబాల నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఇటీవల ఒకే ప్రశ్న పలుమార్లు కనిపిస్తున్నది. షికాగో నగర శివారులో నివసించే ఒక సోదరి దాన్ని అందరికంటే వివరంగా రాశారు. కర్నూలు నుంచి వెళ్లి తమతో ఉంటున్న అత్తగారు కిందటి వసంతంలో ఆరు మట్టి గమ్లాలు కొనిపించుకొని పుదీనా, గోంగూర, గులాబీ పెంచారట. ఆ దేశంలో ఆ పెద్దావిడకు ఒకరి సాయం లేకుండా, తనదిగా చేసుకునే పని అదొక్కటే. చలికాలం గడిచి మంచు కరిగేసరికి ఆరింటిలో నాలుగు నిలువునా పగిలి ఉన్నాయి. చౌకగా దొరికిందని తెచ్చిన ప్లాస్టిక్ తొట్టి అంచు పట్టుకోగానే పెంకులా విరిగి చేతిలోకి వచ్చింది. ‘‘ప్రతి ఏడాదీ కొత్త కుండీలకు డబ్బు పోయడం మా వారికి ఇష్టం లేదు. ఇక మొక్కలే వద్దులే అని అత్తగారు అంటున్నారు. ఖరీదైనవి కొంటే నిలుస్తాయా? కొంటే ఏవి కొనాలి?’’ అని ఆమె అడిగారు.

జవాబు ముందుగా క్లుప్తంగా చెప్పి తరువాత వివరాల్లోకి వెళ్దాం. ఈ విషయంలో ఖరీదుకూ మన్నికకూ మనం అనుకున్నంత చుట్టరికం లేదు. మంచును ఆరుబయట తట్టుకొని నిలిచే గట్టి కుండీలు ఒక సాధారణ కుటుంబానికి ఒకటో రెండో చాలు. తక్కిన కుండీలకు అసలు మంచును ఎదుర్కొనే పనే పడకుండా చూసుకోవచ్చు. ఏ కుండీ ఏ వర్గంలోకి వస్తుందో కొనకముందే తేల్చుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

కూజా గుణమే కుండీకి దోషం

హైదరాబాదులో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగితే అది పత్రికల్లో వార్త అవుతుంది. లంబసింగి వంటి మన్యపు ఊళ్లను మినహాయిస్తే, నీరు గడ్డకట్టేంత చలి తెలుగు నేలమీద దాదాపు ఎరుగం. అందుకే మన తాతలనాటి గమ్లాలు పాచి పట్టి, అంచులు అరిగి కూడా పెరట్లో అలాగే నిలిచి ఉంటాయి. షికాగో సంగతి వేరు. 1985 జనవరి 20న అక్కడ సుమారు మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. 2019 జనవరి 30న మళ్లీ మైనస్ 31 డిగ్రీల దాకా దిగింది. అటువంటి చోట కుండీ పగిలితే చలికే పగిలిందని అనుకోవడం సహజం. వాస్తవానికి ఎండిన ఖాళీ మట్టికుండీ ఎంతటి చలినైనా భరిస్తుంది. దాన్ని పగలగొట్టేది దానిలో దాగి ఉన్న నీరు.

నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది. పదకొండు గ్లాసుల నీరు మంచుగడ్డగా మారితే పన్నెండు గ్లాసుల చోటు కావాలి. ఆ చోటు దొరకకపోతే, చుట్టూ ఉన్నది మట్టి గోడైనా ఇనుప గొట్టమైనా, అది తోసుకుంటూ పోతుంది.

ఇక మన కూజాను తలచుకోండి. వేసవిలో కూజా నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కాల్చిన మట్టిలో కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. వాటి గుండా నీరు మెల్లగా బయటికి చెమరుస్తుంది, గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని వెంట తీసుకుపోతుంది. మనకు ఎండాకాలంలో ఇంత మేలు చేసే ఆ రంధ్రాలే షికాగో చలిలో కుండీ పాలిట శత్రువులు. వాటిలో నిండిన నీరు గడ్డకట్టి ఉబ్బితే గోడ పొరలు పొరలుగా, చేప పొలుసుల్లా రాలిపోతుంది.

కుండీ పగలడానికి రెండో మార్గం కూడా ఉంది. గోడలో నీరు లేకపోయినా లోపలి మట్టి నీటితో నానిపోయి ఉంటే, ఆ మట్టి అంతా ఒక్క ముద్దగా గడ్డకట్టి గోడలను బయటికి నెడుతుంది. అప్పుడు కుండీ పొలుసులుగా రాలదు, పైనుంచి కిందికి నిలువునా చీలుతుంది. సోదరి లేఖలో ‘నిలువునా’ అన్న మాట నా దృష్టిని ఆకర్షించింది అందుకే. వారి గమ్లాలకు నాసిరకం మట్టి కంటే, బయటికి పోలేక నిలిచిన నీరే ఎక్కువ చేటు చేసి ఉండాలి. అడుగు రంధ్రం మూసుకుపోయి ఉంటుంది, లేదా కింద పెట్టిన పళ్లెంలో నీరు నిలిచి ఉంటుంది.

ఇంకొక సంగతి. అత్యంత చలిగా ఉండే జనవరి రాత్రి కంటే నవంబరు, మార్చి నెలలే కుండీలకు ప్రమాదకరం. జనవరిలో ఒకసారి గడ్డకట్టినది చాలా రోజులు అలాగే ఉండిపోతుంది. నవంబరు, మార్చి నెలల్లో పగలు కరిగి రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. కరిగిన ప్రతిసారీ నీరు చిన్న పగులులోకి ఇంకొంచెం లోతుగా దిగుతుంది, గడ్డకట్టిన ప్రతిసారీ ఆ పగులును ఇంకొంచెం తెరుస్తుంది. దక్షిణపు ఎండ తగిలే గోడ పక్కన అందంగా అమర్చిన కుండీలు ఉత్తరపు నీడలో ఉన్నవాటి కంటే ముందు పగలడానికి కారణం ఇదే.

ముందు మొక్క, తరువాత కుండీ

దుకాణానికి వెళ్లేముందు కాగితం మీద మీ మొక్కల పేర్లు రాసుకొని, ప్రతి పేరు ఎదుట చలికాలంలో ఆ మొక్క ఎక్కడ ఉంటుందో రాయండి. కుండీ ఎంపికలో అతి ముఖ్యమైన పని ఇదే.

గోంగూర, వంగ, టమాటా, మిరప, బెండ మంచు పడే దేశాల్లో ఒక్క వేసవి పంటలు. షికాగో పరిసరాల్లో మే నెల మధ్య దాటాక ఇవి బయట కుదురుకుంటాయి, అక్టోబరు మధ్యకు మొదటి మంచు పడి వాడిపోతాయి. కొత్తిమీర దీనికి కొంచెం భిన్నం. నడివేసవి వేడికి తొందరగా పూతకు వచ్చేస్తుంది కనుక వసంతంలో ఒకసారి, వేసవి చివర మరొకసారి విత్తుకోవాలి. ఏదేమైనా ఈ జాబితాలోని కుండీలన్నీ అక్టోబరు చివరికి ఖాళీ అవుతాయి. ఖాళీ అయ్యే కుండీ మంచును తట్టుకోవలసిన అవసరమేమిటి? దీనికి ఖరీదైనది కొనడం వృథా.

కరివేపాకు, మల్లె, తులసి జాతి మొక్కలు చలికాలమంతా ఇంటి లోపల ఉండవలసినవి. వీటి కుండీలకు కూడా మంచుతో పని లేదు. ఇక్కడ చూడవలసింది బరువు. అత్తగారు ఒక్కరే పట్టుకొని గుమ్మం దాటించగలరా అన్నదే ప్రశ్న. మట్టి గమ్లా మీద మమకారం ఉన్నవారు దాన్ని నిశ్చింతగా వాడుకోదగిన చోటు ఇదే, ఎందుకంటే అది మంచు పడకముందే లోపలికి వచ్చేస్తుంది.

ఏడాది పొడవునా బయటే ఉండే బహువార్షిక మొక్కలు మిగిలాయి. గులాబీ, పుదీనా, గుమ్మం పక్కన పెట్టుకునే చిన్న సతతహరిత పొద వంటివి ఇందులోకి వస్తాయి. నిజమైన పరీక్ష ఈ కుండీలకే. మీ జాబితాలో ఈ వర్గంలో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టండి. చాలా ఇళ్లలో రెండుకు మించవు.

ఈ వర్గంలో కుండీ నిలిచినంత మాత్రాన మొక్క నిలుస్తుందని అనుకోరాదు. నేల పైనుంచి మాత్రమే, నెమ్మదిగా గడ్డకడుతుంది. అయినా షికాగోలో ఇళ్ల పునాదులు 42 అంగుళాల లోతుకు దిగాలన్నది నిబంధన. ఇక కుండీని చలి నలువైపుల నుంచీ పట్టుకుంటుంది, వేళ్లకు దాగే చోటుండదు. అమెరికా వ్యవసాయ శాఖ కనిష్ఠ ఉష్ణోగ్రతల ఆధారంగా దేశాన్ని మండలాలుగా విభజించి పటం తయారుచేసింది. దాని తాజా రూపం 2023లో వెలువడింది. మొక్క చీటీమీద ఆ మండలం సంఖ్య ఉంటుంది. సంఖ్య తగ్గినకొద్దీ మొక్క తట్టుకునే చలి ఎక్కువ. మీరు 5వ మండలంలో ఉంటే, కుండీలో ఏడాదంతా బయట ఉంచే మొక్క 3వ మండలానికి తగినదై ఉండాలని తోటమాలుల ఆనవాయితీ. అంటే రెండు మెట్లు కిందికి. అంతటి గట్టి రకం దొరకనప్పుడు, అక్టోబరులో ఆ మొక్కను కుండీతో సహా నేలలో గుంత తీసి అంచు దాకా పాతిపెట్టడం మంచి ఉపాయం. పెరడు ఉన్నవారికి దీనికి దమ్మిడీ ఖర్చు లేదు.

తట్టి చూడండి, చుక్క వేసి చూడండి

బయటే ఉండే ఆ ఒకటి రెండు కుండీలను ఎంచుకునేటప్పుడు మన అమ్మమ్మలు సంతలో కుండ కొన్న తీరు గుర్తుచేసుకోవాలి. వారు కుండను చేతిలోకి తీసుకొని వేలి కణుపుతో తట్టి చూసేవారు. ‘ఖంగు’మంటే బాగా కాలినది, బొద్దుగా పలికితే పచ్చిది లేదా ఎక్కడో బీట ఉన్నది. ఆ పరీక్ష షికాగో దుకాణంలోనూ చెల్లుతుంది. దానికి తోడు రెండో పరీక్ష చేయండి. కుండీని బోర్లించి, పూత లేని అడుగు భాగం మీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క క్షణాల్లో ఇంకిపోతే ఆ కుండీ నీరు పీలుస్తుంది, చలికాలం బయట ఉంచడానికి పనికిరాదు. ముత్యంలా అలాగే నిలిచి ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.

ఈ తేడా ఆవంలోని వేడి వల్ల వస్తుంది. సాధారణ ఎర్ర గమ్లా సుమారు 1000 డిగ్రీలకు అటూ ఇటూ కాలుతుంది. 1200 డిగ్రీలు దాటి కాల్చిన రాతిపింగాణీలో మట్టి రేణువులు కరిగి అతుక్కుపోయి రంధ్రాలు దాదాపు మూసుకుపోతాయి. వియత్నాం నుంచి వచ్చే బరువైన పూత కుండీలు చాలావరకు ఈ ఎక్కువ వేడిలో కాలినవే. ఇటలీలో ఫ్లారెన్స్ సమీపాన ఇంప్రునేతా పట్టణపు ఎర్రమట్టి కుండీలు కూడా మంచును తట్టుకోవడంలో ప్రసిద్ధి పొందాయి, కానీ వాటి ధర వింటే మనవంటి కుటుంబీకులు చేయి వెనక్కి తీసుకోవలసిందే. ఒక హెచ్చరిక చేయక తప్పదు. పైన మెరిసే గాజుపూత చూసి మోసపోవద్దు. లోపలి మట్టి తక్కువ వేడిలో కాలినదైతే నీరు లోపలివైపు నుంచి చేరి, పూతను పెచ్చులుగా ఊడదీస్తుంది. చుక్క పరీక్ష అడుగున చేయమన్నది ఇందుకే.

మట్టి నాణ్యతతో సమానంగా ఆకారం కూడా ముఖ్యం. గంపలా కింద ఇరుకుగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉన్న కుండీలో గడ్డకట్టిన మట్టి ఏటవాలు గోడల మీదుగా పైకి జరిగి ఒత్తిడి తగ్గించుకుంటుంది. కడవలా పొట్ట ఉబ్బి మెడ ఇరుకైన దానిలో దానికి పైకి దారి లేదు. చూడముచ్చటగా ఉండేవి ఆ కడవ ఆకారాలే. ఎంత మంచి రాతిపింగాణీ అయినా సరే, మట్టితో నింపి మంచులో ఉంచడానికి మాత్రం అవి వద్దు.

ప్లాస్టిక్ అడుగున రాసి ఉన్న అంకె

ప్లాస్టిక్ అంతా ఒకటే అనుకుంటాం. అది నిజం కాదు. తొట్టిని బోర్లిస్తే మూడు బాణాల త్రికోణం, మధ్యలో ఒక అంకె కనిపిస్తుంది. 2 అంటే సాంద్రత ఎక్కువగల పాలిథిన్, 4 అంటే సాంద్రత తక్కువ పాలిథిన్, 5 అంటే పాలీప్రొపిలీన్, 6 అంటే పాలీస్టైరీన్. పాలీప్రొపిలీన్ సాధారణ రకం సున్నా డిగ్రీల పరిసరాల్లోనే పెళుసెక్కడం మొదలవుతుంది. పాలీస్టైరీన్ ఎప్పుడూ పెళుసే. పాలిథిన్ మాత్రం షికాగో చలిలో కూడా వంగుతుంది గాని విరగదు. సోదరి చేతిలో విరిగిన తొట్టి అడుగున 5 గాని 6 గాని ఉండి ఉంటుందని నా ఊహ. ధరలో పెద్ద తేడా లేనప్పుడు 2 లేదా 4 ఉన్నదాన్ని తీసుకోండి. ఎండ కూడా ప్లాస్టిక్‌ను తినేస్తుంది కనుక, ఎండను తట్టుకునే మందు కలిపినదని చీటీమీద రాసి ఉన్నదే మేలు. పలుచని గోడ కంటే మందపు గోడ, పదునైన మూలల కంటే గుండ్రని అంచులు ఎక్కువ కాలం నిలుస్తాయి.

అన్నిటికంటే చౌకైన కుండీ అసలు కుండీల దుకాణంలో ఉండదు. ఇంటి సామాను దుకాణంలో అయిదు గ్యాలన్ల బకెట్ దొరుకుతుంది. దానిలో సుమారు 19 లీటర్లు పడుతుంది. కొత్తదే నాలుగైదు డాలర్లకు వస్తుంది. అడుగున 2 అంకె, పట్టుకోవడానికి పిడి. అడుగున అయిదారు బెజ్జాలు, పక్కగోడకు అడుగు నుంచి అంగుళం ఎత్తున మరో మూడు బెజ్జాలు పెడితే వంగకు, మిరపకు, టమాటాకు అంతకంటే మంచి తొట్టి అక్కరలేదు. బేకరీలు, హోటళ్లు వాడేసిన బకెట్లను ఉచితంగా గాని నామమాత్రపు ధరకు గాని ఇస్తాయి. అయితే బేకరీ బకెట్‌లో ఇంతకుముందు ఏమి ఉండేదో అడిగి తీసుకోవడం మన ఇళ్లకు అవసరం, ఎందుకంటే కొన్నిచోట్ల పంది కొవ్వు కూడా అటువంటి బకెట్లలోనే వస్తుంది. పండ్ల గుజ్జు, చక్కెరపాకం, ఊరగాయ వచ్చినవైతే బాగా కడిగి వాడుకోవచ్చు.

గుడ్డ సంచులు మరో మంచి సాధనం. దట్టమైన కంబళి వంటి కృత్రిమ వస్త్రంతో చేసిన ఈ సంచుల్లో మట్టి గడ్డకట్టినా పగలడానికి గోడే లేదు. అక్టోబరులో మట్టి దులిపి, ఆరబెట్టి, మడిచి అలమరలో పెట్టుకోవచ్చు. అద్దె ఇంట్లో ఉండేవారికి, ఏటా ఇల్లు మారేవారికి వీటికి సాటి లేదు. లోపం ఒకటే, గాలి తగిలి తొందరగా ఆరిపోతాయి కనుక జూలైలో రోజూ, ఒక్కోసారి రెండుపూటలా నీరు పోయాలి. గోంగూరకు ఇవి బాగా నప్పుతాయి.

కర్ర, ఇనుము, సిమెంటు

కర్ర తొట్లు మంచుకు పగలవు, కుళ్లుతాయి. సీడర్ కర్ర అమెరికాలో సులభంగా దొరుకుతుంది, తేమకు త్వరగా లొంగదు. పాత కర్ర చౌకగా దొరికినప్పుడు జాగ్రత్త అవసరం. ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన కర్రను ఇళ్ల వాడకానికి అమెరికాలో 2003 చివరితో నిలిపివేశారు. అంతకు ముందరి వరండాల నుంచి ఊడదీసిన పచ్చరంగు పలకల్లో అది ఉండవచ్చు. తారు పట్టించిన రైలు పట్టాల దిమ్మెలు కూడా కూరగాయల దగ్గరికి రానివ్వకూడదు. అక్కడి దుకాణాల్లో సగానికి కోసిన ఓక్ పీపాలు తొట్లుగా విరివిగా అమ్ముతారు, గట్టివే. కాని అవి చాలావరకు విస్కీ నిలవచేసినవి. ఈ పత్రిక పాఠకుల ఇళ్లకు ఆ పీపాలను సిఫారసు చేయను.

జింకుపూత వేసిన ఇనుప తొట్లు, ముఖ్యంగా పశువులకు నీళ్లు పెట్టే పెద్ద తొట్లు, పదేళ్లకు పైగా నిలుస్తాయి. అడుగున బెజ్జాలు పెట్టుకోవాలి. పలుచని ఇనుము చలినీ ఎండనూ ఆపదు కనుక ఏడాదంతా ఉండే మొక్కకైతే లోపలి గోడలకు థర్మాకోల్ పలక అమర్చడం మంచిది. ఫైబర్‌గ్లాస్ తేలిక, మన్నిక రెండూ ఉన్నది. ఒక్కటే కొనదలిస్తే, ఇంటి ముందు ఎప్పటికీ ఉండవలసిన కుండీ అయితే, దానిమీద డబ్బు పెట్టడం దండగ కాదు. సెప్టెంబరు మొదటి సోమవారం అక్కడి శ్రామిక దినోత్సవం. అది దాటాక నర్సరీలు కుండీల ధరలు బాగా తగ్గిస్తాయి. మేలో కొనేదాన్ని అప్పుడు కొనండి.

సిమెంటు కుండీలు ఇంట్లోనే పోసుకోవచ్చు. సిమెంటు, పీట్ లేదా కొబ్బరిపొట్టు, పెర్లైట్ కలిపి రెండు బకెట్ల మధ్య పోసి కొన్ని వారాలు తడిగా ఆరనిస్తే తేలికపాటి రాతి వంటి తొట్టి తయారవుతుంది. పిల్లలకు వేసవి సెలవుల్లో మంచి కాలక్షేపం, చేతి తొడుగులు మాత్రం తప్పనిసరి. ఇందులో వాడే కొబ్బరిపొట్టు ఇటుకలు దక్షిణ భారతం నుంచో శ్రీలంక నుంచో వెళ్లినవే అయివుంటాయి.

బరువు సంగతి

పత్రికల్లో కుండీల గురించి రాసేవారు ఎక్కువగా మరిచేది ఇది. తడిమట్టి నిండిన అయిదు గ్యాలన్ల బకెట్ పదిహేను కిలోల దాకా తూగుతుంది. రెండడుగుల వెడల్పు కుండీ నిండితే ఇద్దరు మగవాళ్లకు కూడా కదలదు. నడుము నొప్పి ఉన్న పెద్దావిడ కోసం కొంటున్నప్పుడు కుండీ మన్నికతోపాటు ఆమె నడుము మన్నికను కూడా లెక్కలోకి తీసుకోవాలి. చక్రాల పీట ఒకటి కొనడం నాలుగు ఖరీదైన కుండీలు కొనడం కంటే ఉపయోగం.

బహుళ అంతస్తుల ఇళ్లలో ఉండేవారికి ఇంకొక మాట. షికాగోలో పాత భవనాల వెనుక కర్ర వరండాలు, కర్ర మెట్లు ఉంటాయి. 2003 జూన్ 29న లింకన్ పార్క్ ప్రాంతంలో అటువంటి వరండా జనం బరువుకు కూలి 13 మంది మరణించారు. అక్కడ కూలినది కుండీలకు కాదు, నిజమే. కాని ఆ వరండాలు ఎంత బరువైనా మోస్తాయన్న భరోసా పెట్టుకోకూడదు. యజమానిని అడిగి, తేలిక తొట్లు మాత్రమే, అవి కూడా గోడ వారగా పెట్టండి. మంటలు రేగినప్పుడు దిగవలసిన మెట్ల మీద ఒక్క కుండీ కూడా ఉండరాదు.

నీరు బయటికి పోయే దారి

ఏ కుండీ కొన్నా అడుగు రంధ్రం వేలు దూరేంత ఉందో లేదో చూడండి. లేకపోతే రాతికి వాడే మొనతో మెల్లగా తొలిపించుకోవాలి. అడుగున గులకరాళ్లు, పెంకులు మందంగా పరిస్తే నీరు బాగా దిగుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. నిజానికి పైమట్టి పూర్తిగా నానేదాకా నీరు రాళ్లలోకి దిగదు. రాళ్లు పరిచిన మేరకు తడి నిలిచే పొర వేళ్లకు మరింత దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక జల్లెడ ముక్క చాలు. పెరటి బంకమట్టి కూడా వద్దు. కుండీల కోసం అమ్మే గుల్ల మిశ్రమమే వాడండి. కుండీ కింద మూడు ఇటుకముక్కలు పెట్టి నేలకు తగలకుండా ఎత్తితే రంధ్రం మంచుతో మూసుకుపోదు. అక్టోబరులో కింది పళ్లెం తప్పనిసరిగా తీసేయాలి. నీటి అర ఉన్న తొట్లయితే ఆ అరను ఖాళీ చేసి మూత తెరిచి ఉంచాలి.

ఖాళీ చేసిన మట్టి కుండీలను కడిగి, బాగా ఆరనిచ్చి, గ్యారేజీలోనో మెట్ల కిందనో బోర్లించండి. ఒకదానిలో ఒకటి పేరిస్తే మధ్యలో పాత వార్తాపత్రిక పెట్టండి, లేకపోతే తేమకు అతుక్కుపోయి విడదీసేటప్పుడు పగులుతాయి. బయట ఉండే గులాబీ కుండీని ఇంటి గోడ వారగా, ఎండ సూటిగా తగలని వైపుకు జరిపి, చుట్టూ గోనెపట్టా చుట్టి, ఆ సందులో రాలిన ఆకులు కూరండి. కుండీ మట్టి నానిపోయి ఉండకూడదు, దుమ్ములా ఎండిపోనూ కూడదు. మంచు కరిగించడానికి మెట్ల మీద, కారు దారిలో చల్లే ఉప్పు మొక్కకూ మట్టి కుండీకీ హానికరం కనుక కుండీలు ఆ దారికి దూరంగా ఉండాలి.

కరివేపాకు గురించి ప్రత్యేకంగా రాయమని ముగ్గురు అడిగారు. రాత్రులు 10 డిగ్రీలకు దిగడం మొదలవగానే కుండీని లోపలికి తెచ్చి, ఎక్కువ వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెట్టండి. ఆకులు రాలిస్తే గాబరాపడి నీళ్లు గుమ్మరించవద్దు, అది విశ్రాంతి తీసుకుంటున్నది. పైమట్టి ఆరాకే కొద్దిగా పోయాలి. ఇక్కడి నుంచి వెళ్లే తల్లిదండ్రులు సామానులో కరివేపాకు మొక్కగాని, పచ్చి ఆకుగాని పెట్టుకోవద్దని మనవి. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు ఈ మొక్క మీద బతుకుతుంది కనుక అమెరికా వ్యవసాయ శాఖ దానిపై కఠిన ఆంక్షలు పెట్టింది, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. మొక్కను అక్కడే, అనుమతి ఉన్న నర్సరీలో కొనాలి.

మే నెల మధ్యలో లోపలి కుండీలను బయటికి తెచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి. మొదటి రోజు నీడలో గంట సేపు, రెండో రోజు రెండు గంటలు, అలా వారం పది రోజులు అలవాటు చేయండి. ఆ రోజుల్లో రాత్రి చలి హెచ్చరిక వస్తే తిరిగి గుమ్మం లోపలికి తీసుకురావలసి ఉంటుంది. అందుకే కరివేపాకు కుండీకి రెండువైపులా పిడులు ఉన్నదాన్ని ఎంచుకోండి.